ఇంట్లో గాలి బాగుండాలంటే ఎయిర్ ప్యూరిఫైయర్ కొనాల్సిందేనా?

చంద్రపూర్‌లో అద్దెకు దిగామని, నెలల పాప ఉందని, బయట దుమ్ముకు కిటికీలన్నీ మూసేసి ప్యూరిఫైయర్ పెట్టుకుంటే సరిపోతుందా అని అడిగారు. మాది పక్కనే బల్లార్షా. ‘కిటికీలన్నీ మూసేసి’ అన్న మాట చదవగానే నాకు గుండె గుభేల్‌మంది. అందుకే రాస్తున్నా.

2012 డిసెంబర్. అక్క పురిటికి వచ్చింది. బాలింతకు గాలి తగలకూడదని మా బాపమ్మ పట్టు. వెనక గది కిటికీ సందుల్లో చీర పీలికలు దూర్చి, పైన వెంటిలేటర్‌లో పాత బొంత కుక్కించింది. మూలన సిగ్డీ, అంటే ఇనుప బకెట్‌కు లోపల మట్టి మెత్తి చేసుకున్న బొగ్గుల కుంపటి. బాపు బొగ్గు గనిలో పనిచేసేవాడు కాబట్టి ఇంట్లో బొగ్గుకు కరువు లేదు. సాయంత్రం వాకిట్లో రాజేసి, పొగంతా పోయి నిప్పులు ఎర్రబడ్డాక లోపలికి తెచ్చుకునేవాళ్ళం. మా లైన్‌లో అన్ని ఇళ్ళదీ అదే పద్ధతి. పొగ పోయింది కదా, ఇంకేం భయం అని.

ఆ రాత్రి పాప ఒకటే ఏడుపు. అక్కను నిద్రపోనిద్దామని అమ్మ పాపను ముందు గదిలోకి తెచ్చుకుంది. రెండు దాటాక బాపమ్మ బయటికి వెళ్దామని లేచి, తలుపు తీసి, గడప మీదే కూలబడింది. చేతిలో చెంబు దొర్లిన చప్పుడుకు అందరం లేచాం. బీపీ అనుకుంది అమ్మ. బాపు అప్పుడే సెకండ్ షిఫ్ట్ నుంచి వచ్చి ఇంకా కునుకు తీయలేదు. గదిలోకి తొంగి చూశాడు. ఎర్రటి నిప్పుల మీద సన్నగా నీలం మంట ఆడుతోంది. ‘గ్యాస్ పట్టిందిరా, అక్కను బయటికి లాగు’ అని అరిచి, గోనెసంచితో సిగ్డీ పట్టుకుని వాకిట్లోకి ఉరికాడు. ఆ చలిలో అక్కను అరుగు మీద పడుకోబెట్టాం. పిలిస్తే పలకదు. కాసేపటికి భళ్ళున వాంతి చేసుకుంది. పక్కింటావిడ వచ్చి ‘గాలి సోకింది, నిమ్మకాయ తిప్పండి’ అంది. నాకైతే కొట్టాలనిపించింది గానీ, ఆలోచిస్తే ఆవిడ మాట పూర్తిగా తప్పేం కాదు.

ఆస్పత్రిలో వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసే మిషన్ 98 చూపించింది, అంటే మామూలే. అక్కేమో కళ్ళు తెరవడం లేదు. డాక్టర్ దాన్ని పట్టించుకోకుండా ‘గదిలో కుంపటి పెట్టారా?’ అని ఒక్కటే అడిగి ఆక్సిజన్ మాస్క్ పెట్టించాడు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ గ్యాస్ పట్టిన రక్తాన్ని ఆ మిషన్ మామూలు రక్తంలాగే చూస్తుందట. ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా, రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుందది. రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మత్తు. పడుకున్నవాళ్ళకు మత్తు వచ్చిందని ఎవరికి తెలుస్తుంది?

మధ్యాహ్నానికి అక్క కోలుకుంది. కానీ బాపు వారం రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. గనిలోకి దిగేటప్పుడు ఇదే గ్యాస్ నుంచి కాపాడే ఊపిరి పరికరం, సెల్ఫ్ రెస్క్యూయర్, రోజూ నడుముకు కట్టుకునే మనిషి ఆయన. ఇంట్లో అదే బొగ్గు తలాపున పెట్టుకుంటే ఆయనకే తట్టలేదు.

ఇక మీ ప్యూరిఫైయర్. కొనుక్కోండి, మీ డబ్బు మీ ఇష్టం. దాని ఫిల్టర్ దుమ్మును, పొగలోని సన్నటి నుసిని పడుతుంది. కార్బన్ మోనాక్సైడ్ మాత్రం అందులోంచి దర్జాగా వెళ్ళిపోతుంది. నన్నడిగితే ముందు ఇంట్లో మనం కాల్చేవి లెక్కపెట్టుకోవాలి. పాపకు స్నానం చేయించి సాంబ్రాణి, పొద్దున అగరొత్తులు, రాత్రి దోమల కాయిల్. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నటి నుసి 75 నుంచి 137 సిగరెట్లంత అని 2003లోనే ఒక పరిశోధనలో తేల్చారు. మా బావ వరండాలో ఒక్క సిగరెట్ ముట్టిస్తే ఇంటిల్లిపాదీ ఆయన మీద పడతారు, తెల్లార్లూ మంచం కింద కాయిల్ వెలుగుతుంటే మాత్రం ఎవరూ నోరెత్తరు. దోమతెర కట్టుకోవడానికి మనవాళ్ళకు ఏం నామోషీయో!

ఇంకో మాట. అద్దె ఇల్లన్నారు కదా, వంటగదిలో పొగ బయటికి పోయే దారి ఉందా? ఇప్పుడు కట్టే ఇళ్ళలో టీవీ వెనక గోడకు లక్ష పెడతారు, వంటగదికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టమంటే కన్నం సరిపోదంటారు. పోపు వేస్తే పడకగదిలో దగ్గులు. దుమ్ము బాగా లేచే టైమ్‌లో కిటికీ మూయండి, కాదనను. తగ్గాక తెరవండి. గదిలో బొగ్గులు మాత్రం వద్దు, ఎంత చలైనా.

అన్నట్టు, అంత జరిగాక కూడా పది రోజులకు బాపమ్మ మళ్ళీ వెంటిలేటర్‌లో పాత పేపర్లు కుక్కించింది. బాపు చూసి ఏమీ అనలేదు. సుత్తి తెచ్చి అద్దంతో సహా ఫ్రేమ్ ఊడగొట్టి జాలీ బిగించాడు. అది ఇప్పటికీ అలాగే ఉంది. పావురాలు దాని మీద వాలి మంచం మీద రెట్టలు వేస్తున్నాయని అమ్మ రోజూ గొణుగుతూనే ఉంటుంది.