బుజ్జీ, నీ అంతరిక్షం నవల గురించి పెద్దమ్మ మాట

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మారతహళ్లిలో పొద్దస్తమానం ఆఫీసు చేసుకొచ్చి మళ్లీ రాత్రి రెండింటిదాకా నవల రాస్తున్నావట, అందులో గ్రహాలూ నౌకలూ మంత్రశక్తులూనట, మార్చిలో ఉద్యోగం మానేస్తావట, మీ అమ్మకి ఏడుపొక్కటే తక్కువ. నాకు మాత్రం, దానికి చెప్పకు, తెగ సంతోషం వేసింది, మనింట్లో ఇన్నాళ్లకి ఒకత్తి కథ రాస్తోంది కదా అని. ఫోన్ పెట్టేశాక భయం పట్టుకుంది.

ఉద్యోగం మానకు. రోజూ ఒక పేజీ రాయి, వేళకి పడుకో. గ్రహాల పేర్లు నోరు తిరిగేలా పెట్టు. ఇవి ఎవరైనా చెప్తారు.

నా భయమల్లా నీ హీరోయిన్ శక్తి గురించే. ఆ పిల్ల చెయ్యి చాస్తే నౌకలు ఆగిపోతాయట, కళ్లు మూసుకుంటే పక్క గ్రహంలో మాటలు వినిపిస్తాయట, మరి అన్నీ వచ్చినదానికి కష్టం ఏమొస్తుందే పిచ్చిమొహమా?

మద్రాసులో నేను ఒక వారపత్రికకి ప్రూఫులు దిద్దే రోజుల్లో ఒకాయన ఇలాంటి సీరియలే రాసేవాడు, పేరెందుకులే, మంచి చెయ్యి. నక్షత్రలోకంలో చిక్కుకున్న రాజకుమారుడి కథ. వారం వారం ఆఫీసు బెంచీ మీద కూర్చునే ఆఖరి పేరా రాసిచ్చేవాడు, అవతల కంపోజింగ్ వాళ్లు కాచుక్కూర్చునేవాళ్లు, పొడుగాటి గ్యాలీలు నా చేతికొచ్చేసరికి ఇంకా తడి, అరచేయంతా నలుపయ్యేది. రాజకుమారుణ్ణి నిప్పులో పడేస్తే అగ్నిమంత్రం గుర్తొస్తుంది, నీళ్లలో పడేస్తే ఎవరో ముని ఎప్పుడో ఇచ్చిన ఉంగరం వేలికి ఉంటుంది, రాక్షసుడు మింగితే కడుపులోంచి మాయమైపోతాడు. మొదట్లో జనం ఎగబడి చదివారు. తర్వాత నెల్లూరు నుంచి ఒక కార్డొచ్చింది, "అయ్యా, మీవాడికి రాని మంత్రం ఏదన్నా ఉంటే వచ్చేవారం రాయించండి" అని. ఆయన చదివి పగలబడి నవ్వాడు, నవ్వాడేగానీ ఏం చెయ్యలేకపోయాడు, ఇచ్చిన వరాలు వెనక్కెలా తీసుకుంటాడు? చివరికి మాంత్రికుడు కొండ మీంచి కాలు జారి పడి చచ్చాడు, కథ కంచికి. అన్నేళ్ల దుర్మార్గం కాలు జారి పోవటమేమిటే, నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

భారతంలో సౌప్తికపర్వం తీసి చదువు. నిద్రపోతున్నవాళ్లని చంపొచ్చి వ్యాసుడి పక్కన దాక్కున్న అశ్వత్థామ, భీముడు వెంటపడి వచ్చేసరికి, గడ్డిపోచకి బ్రహ్మశిరోస్త్రం అభిమంత్రించి వదుల్తాడు. అర్జునుడూ అదే వేస్తాడు. అస్త్రం ఒకటే, నేర్పిన గురువూ ఒకడే. మునులు మధ్యలో నిలబడి ఉపసంహరించండర్రా అంటే అర్జునుడికి చాతనైంది, వాడికి కాలేదు, ఉత్తర కడుపులో బిడ్డ మీదకి పోయింది. 3000 ఏళ్లు ఒంటరిగా తిరగమని కృష్ణుడి శాపం. మంచీ చెడూ తేడా శక్తిలో లేదే, వెనక్కి తీసుకోగలగటంలో ఉంది. ఇంకోటి, కొడుకు అశ్వత్థామ చపలుడని తెలిసీ ఆ అస్త్రం ఇచ్చాడు ద్రోణుడు, ఆయనకిష్టం లేదు, అయినా అడిగింది కొడుకాయె. నీ విలన్ వెనక అలాంటి తండ్రో తల్లో ఉన్నారా? లేకపోతే వాడికి నల్లకోటు తొడిగి ఏం లాభం.

మీ అన్నయ్య నాకు స్టార్ వార్స్ చూపించాడులే, సగం నిద్రపోయాను గానీ 1980లో వచ్చిన సినిమాలో యోడా అనే పొట్టి గురువు చెప్పింది నచ్చింది, చీకటి దారి బలమైందేం కాదు, తొందరగా, సుళువుగా దొరుకుతుందంతే అంటాడు. 1983 దాంట్లో ఆ ముసుగు విలన్ డార్త్ వేడర్ కొడుకు కోసం సొంత చక్రవర్తినే ఎత్తి పడేశాడు, అక్కడ మాత్రం లేచి కూర్చున్నాను. 1999 దాంట్లోనేమో వాళ్లు 'ఫోర్స్' అనే ఆ మాయాశక్తికి రక్తంలో సూక్ష్మజీవుల లెక్క చెప్పారు, చాలామంది అభిమానులకి అదే నచ్చలేదట. నువ్వూ ఎక్కణ్ణుంచి వచ్చిందో లెక్కలు కట్టకు. వాడితే ఏం పోతుందో రాయి. చెయ్యి చాచినప్పుడల్లా ఆ పిల్లకి చూపు కాస్త తగ్గుతుందో, ఇంట్లో ఒకళ్ల పేరు మర్చిపోతుందో, నీ ఇష్టం, పోయింది మాత్రం మళ్లీ తిరిగి రాకూడదు.

తిట్టానని అలగకు, రాయలేవనుకుంటే ఇంత ఉత్తరం రాసేదాన్నా. విలన్ ఉన్న చాప్టర్ ముందు పంపు, పెద్దక్షరాల్లో ప్రింటు తీసి సాలిగ్రామం అడ్రసుకి కొరియర్ చెయ్యి, ఫోన్లో నేను చదవలేను. మీ అమ్మకి మార్చి సంగతి నేను నచ్చజెప్తాను, నువ్వు మాత్రం ఆ రాజీనామా మెయిలు పంపకు.

పెద్దమ్మ