ఇండోర్ స్ప్రింటర్‌ను 100 మీటర్ల పరుగుతోనే అంచనా వేయాలా?

మీ అబ్బాయి చలికాలపు ఇండోర్ పోటీల్లో 60 మీటర్లు గెలుస్తున్నాడనీ, వేసవిలో ఆరుబయట 100 మీటర్లకు వచ్చేసరికి చివర్లో వెనకబడిపోతున్నాడనీ రాశారు. ఇలాంటి పరుగుకు భవిష్యత్తు ఉంటుందా అని అడిగారు. ఇంగ్లాండ్‌లో ఉన్న కాలంలో నేను ఒక క్లబ్బు తరఫున కొన్నేళ్లు 60 మీటర్లు పరుగెత్తాను, తర్వాత అక్కడే కుర్రవాళ్లకు స్టార్ట్ నేర్పాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, తప్పకుండా ఉంటుంది. దానికి నాకు మొదట గుర్తొచ్చే పేరు బ్రిటన్ స్ప్రింటర్ జేసన్ గార్డెనర్.

1975లో బాత్ నగరంలో పుట్టిన గార్డెనర్, 1999లో జపాన్‌లోని మయెబాషిలో జరిగిన ప్రపంచ ఇండోర్ పోటీల్లో 6.46 సెకన్లలో 60 మీటర్లు పూర్తిచేసి, అమెరికన్లు మారిస్ గ్రీన్, టిమ్ హార్డెన్‌ల తర్వాత కాంస్యం అందుకున్నారు. అదే ఏడాది లోజాన్‌లో 100 మీటర్లను 9.98 సెకన్లలో పరుగెత్తారు. 2000లో ఘెంట్, 2002లో వియన్నా, 2005లో మాడ్రిడ్, 2007లో సొంత ప్రేక్షకుల ముందు బర్మింగ్‌హామ్, ఇలా నాలుగుసార్లు యూరోపియన్ ఇండోర్ స్వర్ణం గెలిచారు. 2004లో బుడాపెస్ట్‌లో ప్రపంచ ఇండోర్ ఛాంపియన్ కూడా అయ్యారు. అయితే ఒలింపిక్స్ 100 మీటర్ల ఫైనల్‌కు ఆయన ఎన్నడూ చేరలేదు. ఆ ఒక్క విషయాన్ని పట్టుకుని ఆయనను సగం ఛాంపియన్‌గా మాట్లాడేవాళ్లు మా క్లబ్బులోనూ ఉండేవారు. ఆ మాట నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను.

ఎందుకో చెప్పడానికి రెండు అంకెలు చాలు. 2009లో బెర్లిన్‌లో 9.58 సెకన్ల ప్రపంచ రికార్డు నెలకొల్పిన పరుగులో ఉసేన్ బోల్ట్ 60 మీటర్ల దగ్గరకు 6.31 సెకన్లలో చేరాడు. 2018లో ఆల్బకర్కీలో అమెరికన్ స్ప్రింటర్ క్రిస్టియన్ కోల్‌మన్ నెలకొల్పిన ఇండోర్ 60 మీటర్ల రికార్డు 6.34. బోల్ట్‌కు వెనకనుంచి కొంచెం గాలి తోడ్పడింది, ఇండోర్‌లో గాలి అనేదే ఉండదు. అంటే 60 మీటర్ల వరకు వాళ్లిద్దరినీ విడదీసేది ఇంచుమించు ఏమీ లేదు. కానీ కోల్‌మన్ 100 మీటర్ల అత్యుత్తమ సమయం 9.76, కాబట్టి తేడా ఎక్కువగా చివరి 40 మీటర్లలోనే పుడుతోంది. మొదటి భాగంలో పనిచేసేది నిలబడ్డ చోటు నుంచి వేగాన్ని పుట్టించే బలం. రెండో భాగంలో పనిచేసేది అందుకున్న వేగాన్ని సడలకుండా నిలుపుకునే శక్తి. ఈ రెండూ వేర్వేరు విద్యలు. ఒకదానిలో ప్రపంచంలోనే మొదటివాడైన మనిషిని రెండోది రాలేదని చిన్నచూపు చూడటం న్యాయం కాదు.

బయటినుంచి చూసేవారికి 60 మీటర్లు తేలికగా కనిపిస్తాయి. నా అనుభవంలో క్షమ లేని పరుగు అదే. తుపాకీ మోత గోడలకు తగిలి తిరిగి వస్తుంది, ప్రేక్షకులు చేతికందేంత దగ్గరలో ఉంటారు, పక్క లేన్‌లోని మనిషి ఊపిరి కూడా వినిపిస్తుంది. ఆ గందరగోళంలోనూ తల దించుకుని, మొదటి ఇరవై ముప్ఫై మీటర్లు నేలను వెనక్కి నెడుతూ, శరీరాన్ని కొద్దికొద్దిగా మాత్రమే పైకి లేపాలి. పక్కవాడు ముందుకెళ్లాడన్న భయంతో ఒక్క అడుగు ముందే నిటారుగా లేస్తే, పోయిన వేగాన్ని రాబట్టుకోవడానికి దూరం మిగలదు. తుపాకీ పేలిన 0.1 సెకన్లలోపు కదిలితే ఫౌల్ స్టార్ట్, ఇప్పటి నిబంధనల ప్రకారం ఒక్కదానికే పోటీ నుంచి తొలగిస్తారు. గీత దాటాక కొద్ది దూరంలోనే గోడ, దానికి మందపాటి మెత్తలు ఆనించి ఉంటాయి. గోడ గురించి ఆలోచించకుండా గీత దాటేవరకు పూర్తి వేగంతో వెళ్లడం కూడా సాధనతోనే వస్తుంది. పైగా హీట్స్ అనే తొలి రౌండ్లు, సెమీఫైనల్, ఫైనల్ చాలాసార్లు ఒకే రోజున ఉంటాయి. కాళ్లకంటే ముందు నరాలు అలసిపోతాయి. అంతటి పరీక్షలో ఏడేళ్ల వ్యవధిలో నాలుగుసార్లు యూరప్‌లో మొదటివాడిగా నిలవడం అదృష్టంతో అయ్యే పని కాదు.

2004 సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఆ మార్చిలో బుడాపెస్ట్ ఫైనల్లో గార్డెనర్ 6.49 సెకన్లతో గెలిచినప్పుడు రెండో స్థానంలో వచ్చింది అమెరికాకు చెందిన షాన్ క్రాఫర్డ్. అదే ఆగస్టులో ఏథెన్స్ ఒలింపిక్స్‌లో క్రాఫర్డ్ 200 మీటర్ల స్వర్ణం గెలిచాడు. అక్కడి 4×100 రిలే ఫైనల్లో అమెరికాకు మొదటి వంతు పరుగెత్తింది క్రాఫర్డ్, బ్రిటన్‌కు గార్డెనర్. డారెన్ క్యాంప్‌బెల్, మార్లన్ డెవోనిష్, మార్క్ లూయిస్-ఫ్రాన్సిస్‌లతో కలిసి బ్రిటన్ 38.07 సెకన్లలో స్వర్ణం గెలిచింది, అమెరికాకు 38.08. అమెరికా జట్టు బేటన్ మార్పిడిలో తడబడిందన్నది నిజమే. అయినా 0.01 సెకనుతో తేలిన పోటీలో బ్లాక్స్ నుంచి, అంటే పరుగు మొదట్లో పాదాలు ఆనించే దిమ్మెల నుంచి, లేచే మొదటి మనిషి విలువ ఎంతో వేరే చెప్పనక్కరలేదు. వ్యక్తిగత ఫైనల్ అందని ఆ ఇండోర్ నైపుణ్యమే ఆయనకు ఒలింపిక్ స్వర్ణంలో వాటా తెచ్చింది.

ఇండోర్ ఛాంపియన్లు బయట గెలవరన్న మాట కూడా నిలవదు. ఇటలీకి చెందిన మార్సెల్ జేకబ్స్ 2021 మార్చిలో టోరున్‌లో యూరోపియన్ ఇండోర్ టైటిల్ గెలిచి, ఆ వేసవిలోనే టోక్యోలో 9.80 సెకన్లతో ఒలింపిక్ ఛాంపియన్ అయ్యాడు. మహిళల 60 మీటర్లలో 6.92 సెకన్ల ప్రపంచ రికార్డు నెలకొల్పిన రష్యన్ ఇరీనా ప్రివలోవా 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచింది 400 మీటర్ల హర్డిల్స్‌లో! ఇప్పటికీ నాకు నమ్మశక్యం కాని మలుపు అది.

మీ అబ్బాయి విషయానికి వస్తే, నేనైతే ముందు రెండు సమయాలు కొలుస్తాను: బ్లాక్స్ నుంచి 30 మీటర్లు, ఆ తర్వాత వేరే రోజున పరుగులో ఉండగానే మొదలుపెట్టి మరో 30 మీటర్లు. రెండోది తోటివారికంటే నెమ్మదిగా ఉంటే అతనికి కావలసింది గరిష్ఠ వేగం. అది బాగానే ఉండి 100 మీటర్ల చివర్లో మాత్రమే తగ్గుతుంటే, భుజాలూ మెడా బిగపట్టి పరుగెత్తుతున్నాడేమో పక్కనుంచి వీడియో తీసి చూడండి, నేను నేర్పిన కుర్రవాళ్లలో చాలామందికి అదే అడ్డు. ఏది తేలినా, చలికాలంలో గెలుస్తున్న ఆ స్టార్ట్‌ను మాత్రం మార్చనివ్వకండి. ఇండోర్ సీజన్ పూర్తయ్యాక కొన్ని వారాలు విశ్రాంతి ఇచ్చి, ఆ తర్వాతే పొడవైన పరుగుల సాధన మొదలుపెట్టించండి. ఒకే ఏడాదిలో మార్చిలో ఒకసారి, వేసవిలో ఒకసారి శరీరాన్ని శిఖరానికి చేర్చడం పెద్దవాళ్లకే కష్టం, ఎదిగే పిల్లవాడి తొడ కండరాలకు మరీ కష్టం.