220 గంటల లాగ్‌బుక్‌తో బోట్స్వానాకు: అబ్బాయిని పంపాలా, వద్దా?

ప్రశ్న: మా అబ్బాయి దక్షిణాఫ్రికాలో పైలట్ శిక్షణ పూర్తిచేసి ఏడాది దాటింది. చేతిలో అక్కడి కమర్షియల్ లైసెన్సు, లాగ్‌బుక్‌లో 220 గంటలు ఉన్నాయి. దాన్ని ఇండియా లైసెన్సుగా మార్పించుకునే పరీక్షల్లో ఒక పేపరు ఇంకా మిగిలే ఉంది. టైప్ రేటింగ్ (ఎయిర్‌లైన్లు నడిపే ఒక రకం విమానానికి విడిగా తీసుకునే అర్హత) చేయించాలంటే మళ్ళీ లక్షలు కావాలి. ఊళ్ళో ఉన్న స్థలం ఇప్పటికే అమ్మేశాం. ఇప్పుడు వాడు అక్టోబరులో బోట్స్వానా వెళ్ళి, మౌన్ అనే ఊళ్ళో కంపెనీల తలుపులు తట్టి, చిన్న విమానాలు నడిపే ఉద్యోగం వెతుక్కుంటానంటున్నాడు. వాళ్ళ నాన్న ససేమిరా అంటున్నారు. పంపమంటారా? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, పంపండి. అయితే అక్టోబరులో వద్దు. ఆ మిగిలిన పేపరు వదిలేసి అసలే వద్దు.

ముందు వాళ్ళ నాన్నగారికి ఒక మాట. మీ అబ్బాయి చెబుతున్నది గాలిమాట కాదు. గంటలు తక్కువున్న కుర్ర పైలట్లు మొదటి ఉద్యోగం కోసం మౌన్ చేరడం ఎన్నో ఏళ్ళుగా ఉన్నదే. ఆ ఊరిని ఆనుకుని ఒకవాంగో డెల్టా ఉంది. ఒక పెద్ద నది సముద్రం దాకా వెళ్ళకుండా కలహారి ఎడారి ఇసుకలో పాయలుపాయలుగా విచ్చుకుని ఇంకిపోయే చోటు అది. 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో 1000వ స్థలంగా చేరింది. ఆ నీళ్ళ మధ్య దీవుల మీద పర్యాటకుల క్యాంపులుంటాయి. చాలా క్యాంపులకు రోడ్డు మీద వెళ్ళే వీలుండదు. అందుకని మాక్ ఎయిర్, డెల్టా ఎయిర్ లాంటి కంపెనీలు ఆరు సీట్ల సెస్నా 206, ఎనిమిది సీట్ల ఎయిర్‌వ్యాన్, వాటికన్నా పెద్దదైన సెస్నా కారవాన్ విమానాల్లో మనుషుల్ని చేరవేస్తుంటాయి. చిన్న విమానంలో పైలట్ ఒక్కడే ఉంటాడు. పక్కన కెప్టెన్ ఉండడు. కొత్తవాళ్ళకు అక్కడ చోటు దొరకడానికి కారణం ఇదే, భయపడాల్సిందీ ఇందుకే.

అక్టోబరు ఎందుకు వద్దన్నానో చెబుతాను. మన గోదావరికి వానలతోపాటే వరద వస్తుంది. ఒకవాంగో తీరు వేరు. వాన కురిసేది ఎగువన అంగోలా కొండల్లో, డిసెంబరు నుంచి మార్చి దాకా. ఆ నీళ్ళు నెలల తరబడి మెల్లగా నడిచి, బోట్స్వానాలో వానలు ఆగి నేల ఎండిన తరువాత, జూన్, జులై, ఆగస్టు నెలల్లో డెల్టాను నింపుతాయి. చుట్టూ ఎండిన అడవి, మధ్యలో నీళ్ళు. జంతువులన్నీ అక్కడికే చేరతాయి, వాటిని చూడటానికి పర్యాటకులూ వస్తారు. జూన్ నుంచి అక్టోబరు దాకా విమానాలకు ఊపిరాడదు. ఆ రద్దీకి కావలసిన పైలట్లను కంపెనీలు ముందే తీసుకుని తర్ఫీదు ఇచ్చుకోవాలి కదా. అందువల్ల కొత్తవాళ్ళను పలకరించి చూసే తీరిక, అవసరం రెండూ కలిసేది జనవరి నుంచి ఏప్రిల్ మధ్య. అక్టోబరులో వెళితే చీఫ్ పైలట్‌కు మాట్లాడే తీరిక ఉండదు, నవంబరులో వానలు మొదలయ్యాక ఆయనకు కొత్త మనిషి అవసరం ఉండదు. మీ అబ్బాయి దాచుకున్న డబ్బంతా ఆ ఖాళీ నెలల్లో అద్దెకు, తిండికి అయిపోతుంది. మధ్యలో ఎవరో ఎయిర్‌లైన్‌కు వెళ్ళిపోయి సీటు ఖాళీ అయ్యే సందర్భాలూ ఉంటాయి కానీ, వాటిని నమ్ముకుని టికెట్ కొనకూడదు.

అక్కడ పని ఎలా ఉంటుందో మీకు కళ్ళకు కట్టినట్టు తెలియాలి. రెండు సీజన్లు అక్కడ పనిచేసి వచ్చిన ఒక కుర్రాడు నాకు ఫోనులో వీడియో చూపించాడు. అడవి మధ్యలో తెల్లటి మట్టి గీతలా ఒక స్ట్రిప్, అంటే విమానం దిగే మట్టి దారి. టవరు లేదు, కంచె లేదు, గాలి ఎటు వీస్తోందో చెప్పే గుడ్డ గొట్టం ఒక్కటే ఉంది. కుర్రాడు నేరుగా దిగలేదు. ముందు స్ట్రిప్ మీదుగా కిందుగా ఒక చుట్టు వేశాడు. అంచున జిరాఫీ ఒకటి నిలబడి ఉంది, కదల్లేదు. మళ్ళీ తిరిగి వచ్చాడు. మూడోసారికి అది చెట్లలోకి నడిచాక దిగాడు. ఇంజను ఆపి, తనే తలుపు తీసి, తనే సంచులు దింపి, కొత్తగా ఎక్కేవాళ్ళ సంచుల్ని తనే చేత్తో ఎత్తి చూసి, తనే వల బిగించి కట్టాడు. ఒక పెద్దావిడను చెయ్యిపట్టి ఎక్కించాడు. మళ్ళీ ఇంకో స్ట్రిప్‌కు, పదిహేను నిమిషాల ప్రయాణం. రద్దీ రోజుల్లో ఇలా పది పన్నెండు సార్లు దిగడం, లేవడం. ఎయిర్‌లైన్‌లో నెలకు చేసే ల్యాండింగులు అక్కడ రెండు మూడు రోజుల్లో అయిపోతాయి.

ఇక ఆ సంచులు ఎత్తి చూడటం గురించి. మీ అబ్బాయిని కూర్చోబెట్టి ఈ లెక్క మీ ముందే వేయమనండి. మౌన్ విమానాశ్రయం సముద్రమట్టానికి దాదాపు 3,100 అడుగుల ఎత్తున ఉంది. ఆ ఎత్తులో ప్రమాణంగా ఉండాల్సిన ఉష్ణోగ్రత సుమారు 9 డిగ్రీలు. అక్టోబరు మధ్యాహ్నం 38 ఉంటుంది. తేడా 29 డిగ్రీలు. ఒక్కో డిగ్రీకి సుమారు 120 అడుగుల చొప్పున కలిపితే మరో 3,500 అడుగులు. అంటే నేల మీద నిలబడి ఉన్న విమానం దాదాపు 6,600 అడుగుల ఎత్తులో ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. గాలి పలచన, ఇంజను బలం తక్కువ, లేవడానికి కావలసిన పరుగు ఎక్కువ. సెస్నా 206 మొత్తం బరువు 1,630 కిలోల చుట్టుపక్కలే ఉండాలి. అందుకే పర్యాటకుడికి 20 కిలోల సామానే, అదీ మెత్తటి సంచిలోనే అంటారు. డబ్బున్న అతిథి ఒకాయన గట్టి సూట్‌కేసుతో వచ్చి, కెమెరా పెట్టె కూడా ఎక్కించాల్సిందేనని పట్టుబడతాడు. ఎదురుగా ఉన్నది ఇరవై మూడేళ్ళ కుర్రాడు. 'కుదరదండీ' అని మర్యాదగా, గట్టిగా చెప్పగలడా? చీఫ్ పైలట్ ఇంటర్వ్యూలో వెతికేది ఈ గుణాన్నే. 220 గంటలా 260 గంటలా అన్నది దాని తరువాతి మాట.

ప్రమాదం లేదని మీకు అబద్ధం చెప్పను. 2011 అక్టోబరులో మొరెమి అభయారణ్యంలోని ఒక స్ట్రిప్ నుంచి లేచిన కారవాన్ కొద్దిసేపట్లోనే కూలి, పైలట్‌తో సహా ఎనిమిది మంది చనిపోయారు. నలుగురు బతికారు. అబ్బాయి చేరబోయే కంపెనీ కొత్తవాళ్ళతో పాటు ఎన్ని రోజులు సీనియర్‌ని కూర్చోబెట్టి తిప్పుతుంది, మధ్యాహ్నం ఎండలో బరువు తగ్గించే నియమం ఉందా, 'ఈ రోజు వెళ్ళను' అన్న పైలట్‌ను ఏమంటారు అనే మూడు ప్రశ్నలు అక్కడ ఇప్పటికే పనిచేస్తున్న కుర్రాళ్ళను అడగమనండి. జీతం అడగడానికి ముందే ఇవి అడగాలి.

కాగితాల సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుని దెబ్బతింటారు. దక్షిణాఫ్రికా లైసెన్సు ఉన్నంత మాత్రాన బోట్స్వానా విమానం నడపడానికి వీల్లేదు. ఆ దేశపు సివిల్ ఏవియేషన్ అథారిటీ దాన్ని ఆమోదించాలి. కంపెనీ తన విమానంలో నడిపించి చూసే చెక్ ఫ్లైట్ సరేసరి. దానికన్నా కష్టమైనది వర్క్ పర్మిట్. బోట్స్వానా తన పౌరులకే మొదటి అవకాశం ఇస్తుంది, ఇవ్వాలి కూడా. అక్కడా పైలట్ కావాలని కలలుగన్న పిల్లలున్నారు. విదేశీయుణ్ణి తీసుకోవాలంటే కంపెనీయే దరఖాస్తు పెట్టి కారణం చూపించాలి, అందుకు నెలలు పట్టొచ్చు. పర్యాటక వీసా మీద వెళ్ళి కంపెనీల వాళ్ళను కలవడం వేరు, పర్మిట్ రాకముందే సీట్లో కూర్చోవడం వేరు. 'ఒకటి రెండు ట్రిప్పులే కదా' అని ఎవరన్నా కూర్చోకూడదు. ఆ ఒక్క తప్పుతో దేశం నుంచి పంపించేస్తే ఆ మచ్చ తరువాతి ప్రతి దరఖాస్తులోనూ కనిపిస్తుంది.

ఉద్యోగం ఇప్పిస్తామంటూ ముందే డబ్బడిగే ఏజెంట్లకు ఒక్క రూపాయి ఇవ్వకండి. గంటలు కొనుక్కోమనే పథకాలూ అంతే. పైలట్‌కు పని కావాలి, ఆ పనికి పైలటే డబ్బు కట్టడమేమిటి? కంపెనీ తన ఖర్చుతో కారవాన్ శిక్షణ ఇచ్చి, బదులుగా ఇన్నాళ్ళు పనిచేయాలని బాండు రాయించుకోవడం మాత్రం వేరే సంగతి. అది చదివి, అర్థం చేసుకుని సంతకం చేయొచ్చు.

చేతిలో ఎంత ఉండాలి? మూడు నెలల అద్దె, తిండి, లైసెన్సు ఫీజులు, తిరుగు టికెట్. ఇవి సమకూరకపోతే ఇంకో ఏడాది ఆగండి కానీ, అప్పు చేసి పంపకండి. మొదటి ఏడాది జీతం వాడి బతుకు వాడు బతకడానికి సరిపోతుంది. దానితో ఇక్కడి ఈఎంఐలు కడతాడని లెక్కలు వేసుకోవద్దు. తిండి గురించి బెంగ పడకండి, చోపీస్ లాంటి సూపర్‌మార్కెట్లలో బియ్యం, పప్పు దొరుకుతాయి. అది మలేరియా ప్రాంతం కాబట్టి మందుల గురించి వెళ్ళేముందే డాక్టరును అడగాలి.

వెళ్ళే ముందు ఇంకో పని చేయిస్తే మంచిది. వాడు శిక్షణ పొందింది చిన్న విమానాల మీద అయి ఉంటుంది. దారిలో దక్షిణాఫ్రికాలో ఆగి, ఇన్‌స్ట్రక్టర్‌తో సెస్నా 206 మీద నాలుగైదు గంటలు, మట్టి స్ట్రిప్పుల మీద దిగేలా నడిపితే ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఒక మాట ఉంటుంది. ఏడాదిగా విమానం ముట్టుకోని చేతికి అదెలాగూ అవసరం. అక్కడికెళ్ళాక ఈమెయిళ్ళు పంపి గదిలో కూర్చుంటే పని జరగదు. మనిషి కనబడాలి. వారానికోసారి ప్రతి ఆఫీసుకూ వెళ్ళి పలకరించాలి, హ్యాంగర్లో విమానం కడగమన్నా కడగాలి. లోపలికి అడుగుపెట్టగానే రిసెప్షన్లో ఆవిడకు 'దుమేలా మ్మా', మగవాళ్ళయితే 'దుమేలా ర్రా' అని సెత్స్వానాలో నమస్కారం చెప్పాలి. మనం పేరు చివర గారు చేర్చినట్టే అది. ఆ పలకరింపు లేకుండా పని గురించి ఎత్తుకుంటే అక్కడ మర్యాద తెలియని మనిషి కింద లెక్క.

మౌన్ ఒక్కటే కాదు. నమీబియాలో విండ్‌హుక్ ఎరోస్ విమానాశ్రయం నుంచి సెస్నా 210లు సోసస్‌వ్లే ఇసుక దిబ్బలకు, స్కెలిటన్ తీరానికి తిరుగుతుంటాయి. ఎరోస్ మౌన్ కన్నా ఎత్తు, 5,500 అడుగులు పైనే. జాంబియాలో లివింగ్‌స్టన్, మ్ఫువే ఉన్నాయి. లైసెన్సు, పర్మిట్ తిప్పలు ఎక్కడైనా ఉంటాయి. దక్షిణాఫ్రికాలో సొంత పైలట్లే చాలామంది పని కోసం ఎదురుచూస్తున్నారు, అక్కడ ఆశ పెట్టుకోవద్దు.

తిరిగి ఇండియా వస్తే ఈ అనుభవం పనికొస్తుందా అని మీరు అడగలేదు, నేనే చెబుతాను. సెస్నా 206 లాంటి ఒకే పిస్టన్ ఇంజనున్న విమానం మీద వెయ్యి గంటలున్నా ఇక్కడి పెద్ద ఎయిర్‌లైన్లు పరీక్ష, టైప్ రేటింగ్ మాఫీ చేయవు. ఇంకో ఏడాదిలో ఎయిర్‌బస్ సీటే కావాలనుకుంటే మౌన్ దగ్గరి దారి కాదు. కారవాన్ దాకా ఎదిగితే కథ మారుతుంది. దానిది పిస్టన్ కాదు, పెద్ద విమానాల్లో ఉండే తరహా టర్బైన్ ఇంజను. ఒడిశాలో ఇండియావన్ ఎయిర్ నడిపింది ఆ విమానాలనే. ఎయిర్‌లైన్‌లో కెప్టెన్ కావడానికి ఉండాల్సిన ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సుకు 1,500 గంటలు కావాలి. సొంతంగా నిర్ణయాలు తీసుకుంటూ ఆ గంటలు నింపుకునే చోట్లు ప్రపంచంలో ఎన్నో లేవు. నా మనసు మౌన్ వైపు మొగ్గడం అందుకే.

ఇప్పుడు ఆ మిగిలిన పేపరు. ఎయిర్ రెగ్యులేషన్సా, లేక నావిగేషన్, మెటియరాలజీనా అన్నది మీరు రాయలేదు. ఏదైనా సరే, ముందు అది రాసి పాసవ్వాలి. ఇండియా లైసెన్సు చేతిలో ఉంటే మౌన్‌లో పని దొరక్కపోయినా వాడు ఖాళీ చేతులతో తిరిగిరాడు. ఫలితం వచ్చాక, క్లాస్ వన్ మెడికల్ (పైలట్లకు ఉండాల్సిన ఆరోగ్య ధ్రువపత్రం) గడువు చూసుకుని, జనవరి మూడో వారానికి టికెట్ తీసుకోండి. తిరుగు టికెట్ తేదీ ఏప్రిల్ మధ్యలో వేయించండి. ఆ తేదీ మీరు, వాళ్ళ నాన్నగారు, అబ్బాయి ముగ్గురూ కలిసి కూర్చుని ఒప్పుకున్నదై ఉండాలి.