ఆ లాఫ్ట్ అంత తక్కువకి ఎందుకు ఇస్తున్నారంటే

షికాగో నుంచి ఒకాయన రాశారు. వయసు 34, లూప్ అనే డౌన్‌టౌన్‌లో ఆఫీసు, హెచ్1బీ మీద ఉన్నారు, గ్రీన్ కార్డుకి కంపెనీ పెట్టిన ఐ-140 అప్రూవ్ అయింది, డౌన్ పేమెంట్‌కి 60 వేల డాలర్లు దాచుకున్నారు. ప్రింటర్స్ రో అనే ఏరియాలో ఒకప్పటి ప్రింటింగ్ ప్రెస్ బిల్డింగులో టూ బెడ్రూమ్ లాఫ్ట్, అంటే అలాంటి పాత బిల్డింగుని ఇళ్ళుగా మార్చిన ఫ్లాట్, చూశారట, 2 లక్షల 95 వేలు చెప్తున్నారట, అదే వీధిలో అంతే సైజువి రెండు 3 లక్షల 60 వేలకి అమ్ముడయ్యాయట. "65 వేలు తక్కువకి వస్తోంది కదండీ, ఇంకెవరో ఎగరేసుకుపోయేలోపు ఆఫర్ పెట్టేయనా?" అని అడిగారు.

ఆగండి. మీరు పంపిన లిస్టింగులోనే నెలవారీ అసెస్‌మెంట్ 980 డాలర్లు అని ఉంది. బిల్డింగ్ నిర్వహణకి ఓనర్ల అసోసియేషన్ వసూలు చేసే ఈ సొమ్ముని మనం హెచ్ఓఏ అంటాం, షికాగోవాళ్ళు దాన్నే అసెస్‌మెంట్ అంటారు, అదేదో ప్రాపర్టీ ట్యాక్స్ సంగతి అనుకుని వదిలేసినవాళ్ళని కూడా చూశాను. మిగతా రెండు లాఫ్టులకీ అది 580. అంటే నెలకి 400 తేడా. 6.5 శాతం వడ్డీకి 30 ఏళ్ళ లోన్ అనుకుంటే నెలకి 100 డాలర్ల ఈఎంఐకి దాదాపు 15,800 అప్పొస్తుంది, ఆ లెక్కన 400కి 63 వేల పైనే. అంటే మీకు కనిపించిన డిస్కౌంట్ దాదాపు మొత్తం ఇక్కడే తేలిపోయింది, మీకంటే ముందు చూసినవాళ్ళు ఈ లెక్క వేసుకునే వెళ్ళిపోయి ఉంటారు. పైగా ఈఎంఐ 30 ఏళ్ళకైనా తీరుతుంది, అసెస్‌మెంట్ తీరేది కాదు, పెరిగేదే.

సరే, 980 ఎందుకయింది? ఇవి వందేళ్ళు దాటిన ఇటుక బిల్డింగులు. ఇటుకల మధ్య సున్నంలోకి నీళ్ళు దిగడం, చలికాలం గడ్డకట్టి ఉబ్బడం, ఎండలొచ్చాక రాలిపోవడం, ప్రతి ఏడాదీ ఇదే తంతు. ఆ సందుల్ని గీకి మళ్ళీ పూడ్చడాన్ని టక్‌పాయింటింగ్ అంటారు, దానికి స్కాఫోల్డింగ్ కట్టాలంటేనే బోలెడు ఖర్చు. 80 అడుగులకి తగ్గని బిల్డింగులకి బయటి గోడలు ఎప్పటికప్పుడు ఇంజనీరుతో చెక్ చేయించాలని సిటీ రూలు కూడా ఉంది, రిపేర్ అని ఆయన రాశాడంటే అసోసియేషన్ తప్పించుకోలేదు. అసోసియేషన్ దాచిపెట్టుకున్న రిజర్వ్‌లో డబ్బుంటే పర్లేదు, లేకపోతే స్పెషల్ అసెస్‌మెంట్ అని ప్రతి ఓనర్ మీదా పడుతుంది. నా క్లయింట్ ఒకరు ఇలాంటిదే కొన్న నాలుగు నెలలకి 28 వేల నోటీసు అందుకున్నారు, తర్వాత పాత మీటింగ్ మినిట్స్ తీయించి చూస్తే ఏడాది ముందే ఒక్క లైన్ ఉంది, టక్‌పాయింటింగ్ కొటేషన్లు వచ్చాయి, నిర్ణయం వచ్చే మీటింగుకి వాయిదా అని. ఆ లైన్ కొనకముందు ఎవరూ చదవలేదు, నాతో సహా, ఎందుకంటే నేనూ అడగలేదు.

లోన్ సంగతి. కింద రెస్టారెంట్, పైన రెండు ఫ్లోర్లు ఆఫీసులు అని రాశారు. బిల్డింగ్ మొత్తం విస్తీర్ణంలో కమర్షియల్ 35 శాతం దాటినా, అసోసియేషన్ మీద పెద్ద కేసు నడుస్తున్నా, ముఖ్యమైన రిపేర్లు పెండింగ్‌లో ఉన్నా బ్యాంకుల దగ్గర ఇంటి లోన్లు కొనే ఫ్యానీ మే సంస్థ రూల్స్‌కి సరిపోకపోవచ్చు, నాన్ వారంటబుల్ అనేది దీన్నే. అప్పుడు మామూలు లోన్ దొరకదు, సొంత డబ్బుతో లోన్ ఇచ్చే చిన్న బ్యాంకుల దగ్గరికి పోవాలి, వాళ్ళు వడ్డీ ఎక్కువ వేసి డౌన్ పేమెంటూ ఎక్కువ అడుగుతారు. రేపు మీ దగ్గర కొనేవాడికీ ఇదే తిప్పలు, అందుకే ఇలాంటివాటికి రేటు పలకదు.

ఇంక ఆ రెండో బెడ్రూమ్. ఫోటోలో చూశాను, కిటికీ లేదు, గోడ సీలింగ్ దాకా లేదు, పైన రెండడుగులు ఖాళీ. రాత్రి పదింటికి మీరు తాలింపు పెడితే ఆ ఘాటూ ఆ చప్పుడూ నేరుగా పిల్లల పక్క మీదకే. నా దృష్టిలో ఇది వన్ బెడ్రూమే, పోలిస్తే వన్ బెడ్రూముల రేట్లతో పోల్చండి. చెక్క ఫ్లోర్ అయితే పైవాళ్ళ నడక కూడా వినిపిస్తుంది, ఒకసారి సాయంత్రం ఏడింటికి వెళ్ళి ఊరికే పది నిమిషాలు కూర్చుని రండి.

ట్యాక్స్ తక్కువ చూపిస్తోందని మురిసిపోకండి, అమ్మేవాళ్ళు పెద్దవాళ్ళయితే వయసును బట్టి ట్యాక్స్ తగ్గించే సీనియర్ ఎగ్జెంప్షన్ ఉండొచ్చు, అది మీకు రాదు.

ఇవన్నీ ఒక ఎత్తు, మీ వీసా ఒక ఎత్తు. ఈ బిల్డింగులో ఇన్ని యూనిట్లే అద్దెకివ్వాలని రెంటల్ క్యాప్ ఉందా, ఉంటే నిండిపోయిందా అనేది ముందు కనుక్కోండి. ఉద్యోగం పోతే హెచ్1బీకి గ్రేస్ పీరియడ్ గరిష్ఠంగా 60 రోజులే. వేరే ఊళ్ళో ఉద్యోగమొచ్చి వెళ్ళాల్సొస్తే, లేదా ఇండియా రావాల్సొస్తే, సొంతిల్లు ఉన్నవాళ్ళు అద్దెకిచ్చి వెళ్తారు, మీకు ఆ దారి మూసుకుపోయి ఉంటే ఈఎంఐ 1,485, అసెస్‌మెంట్ 980, ట్యాక్స్ అదనం, ఇదంతా ఖాళీ ఇంటికి కడుతూ అమ్మకానికి పెట్టుకుని కూర్చోవాలి.

ఇల్లినాయ్ కాండో చట్టంలో (కాండో అంటే ఇలాంటి సొంత ఫ్లాట్లే) సెక్షన్ 22.1 కింద రిజర్వ్ ఎంతుంది, పెద్ద ఖర్చులేం రాబోతున్నాయి, కోర్టు కేసులున్నాయా అన్నది అమ్మేవాళ్ళు అసోసియేషన్ నుంచి తెచ్చి ఇవ్వాలి. దాంతోపాటు రెండేళ్ళ మినిట్స్ కూడా మీ లాయర్‌తో అడిగించండి, ఒప్పందం రాసుకున్నాక లాయర్ చూసుకోడానికి ఇచ్చే అటార్నీ రివ్యూ రోజులు అయిపోకముందే. పేపర్లు శుభ్రంగా ఉండి లోన్ మామూలుగా వస్తుందంటే 2 లక్షల 75 వేల దగ్గర ఆఫర్ మొదలుపెట్టొచ్చు. రెంటల్ క్యాప్ నిండిపోయి ఉంటే మాత్రం 2 లక్షల 50 వేలకి ఇచ్చినా మీకు వద్దనే అంటాను, అద్దెకివ్వడానికి వెయిటింగ్ లిస్ట్‌లో ఎంతమంది ఉన్నారో కనుక్కుని రాయండి.