‘విప్పాక చెబుతాం’ అన్న లెక్కకు బంగారం తాకట్టా?

ప్రశ్న: నా వయసు 45. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు పరిశ్రమలో లెక్కల విభాగంలో పనిచేస్తున్నాను. నెలకు 68,000 రూపాయలు చేతికి వస్తాయి. ఇంటి రుణం ఈఎంఐ 19,500. పిల్లల చదువుతో కలిపి ఇంటి ఖర్చు 34,000. లక్ష రూపాయల చీటీకి నెలకు 5,000 కడుతున్నాను, ఇంకా ఎనిమిది నెలలు ఉంది. బ్యాంకులో 1.4 లక్షలు ఉన్నాయి. మా నాన్నగారి 1975 నాటి ప్రీమియర్ పద్మిని కారు పదేళ్లుగా పెరట్లో ఉంది. ఆర్‌సీ ఇంకా ఆయన పేరునే ఉంది. చిన్నప్పుడు ఆ కారులోనే కాణిపాకం వెళ్లేవాళ్లం. ఇప్పుడు దాన్ని మళ్లీ నడిపించాలని ఉంది. డీజిల్ ఇంజిన్, ఏసీ, పవర్ స్టీరింగ్ పెట్టి కొత్త కారులా చేయడానికి ఇక్కడి మెకానిక్ 4.5 లక్షలు చెప్పారు. పాత రూపంలోనే బాగు చేయడానికి చెన్నైలో ఒకరు 6.5 లక్షలు అడిగారు. బంగారంపై 3 లక్షలు, వ్యక్తిగత రుణంగా 3.5 లక్షలు తీసుకుని, అడ్వాన్సుకు చీటీ పాడుకుందామనుకుంటున్నాను. ఏది లాభం? దీన్ని పెట్టుబడిగా చూడవచ్చా?

జవాబు: మీరు పంపిన చెన్నై అంచనా కాగితం నా ముందుంది. గీతల కాగితం మీద నీలి సిరాతో పదకొండు పద్దులు రాశారు. ఇంజిన్ బోరింగు, పిస్టన్లు, కార్బురేటరు, బ్రేకులు, వైరింగు, సీట్ల కుట్టు, క్రోమ్ పూత, రంగు... ప్రతిదానికీ ఎదురుగా ఒక అంకె ఉంది. అన్నీ కలిపితే 6.5 లక్షలు. పన్నెండో వరుసలో మాత్రం అంకె లేదు. ‘తుప్పు పని - విప్పాక చెబుతాం’ అని ఉంది. పదేళ్లు వానకు తడిసిన కారుకు అసలు ఖర్చు ఆ పన్నెండో వరుసలోనే ఉంటుంది. పైనున్న పదకొండూ దానికి ముందుమాట.

తిరుపతిలో నా దగ్గరకు వచ్చే ఒక కుటుంబం ఇలాగే పాత కారును బాగుకు ఇచ్చింది. షెడ్డులో కాళ్ల కింది చాప ఎత్తితే నేల కనిపించిందట. తుప్పు పట్టిన రేకు కోసి కొత్తది అతికించబోతే, పక్క రేకు వెల్డింగు వేడికి నిలవలేదు. మూడు నెలలు తిరిగేసరికి అంచనా దాదాపు రెట్టింపయింది. అప్పటికి కారు ముక్కలుగా విడిపోయి ఉంది. చాలు, ఆపేద్దాం అనుకున్నా ఇంటికి తెచ్చుకోవడానికి అక్కడ కారంటూ లేదు. మళ్లీ అప్పు చేశారు. అన్నీ తెలిసినవారే, పైగా నా మాట వినేవారే. ఆ ఒక్క విషయంలో మాత్రం ముందుగా నాతో అనలేదు.

మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం కారు కాదు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. ఒకరిది పాత మిద్దె, ఒకరిది అమ్మాయి ఓణీల వేడుక, మీది కారు. అందరూ ‘ఇదా, అదా’ అనే అడుగుతారు. డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది ఉత్తరం చివర ఒక్క వాక్యంలో తేలిపోతుంది. నేను ఆ వాక్యం నుంచే వెనక్కి చదువుతాను.

మీ లెక్క మీకే తిరిగి చెబుతాను. 68,000లో ఈఎంఐ, ఇంటి ఖర్చు, చీటీ పోగా మిగిలేది 9,500. వ్యక్తిగత రుణం 3.5 లక్షలు 14 శాతం వడ్డీకి నాలుగేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 9,560 కట్టాలి. మిగులు అక్కడికే సరి, ఇంకా అరవై రూపాయలు తక్కువ. బంగారం మీది 3 లక్షలకు 10 శాతం వేసుకున్నా నెలకు 2,500 వడ్డీయే అవుతుంది, అసలు తీరదు. ఆ 2,500 ఎక్కడి నుంచి తెస్తారు? లెక్కల విభాగంలో పనిచేసే మీరు మీ సంస్థ కాగితాల్లో ఇలాంటి పద్దు కనిపిస్తే సంతకం పెడతారా?

పైగా మీ జీతం మామిడి మీద ఆధారపడింది. 2025 సీజన్‌లో తోతాపురికి ఏమైందో నాకంటే మీకే బాగా తెలుసు. ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. ధర పడిపోతే ప్రభుత్వమే కిలోకు 4 రూపాయలు కలిపి రైతుకు ఇవ్వాల్సి వచ్చింది. గుజ్జు అమ్ముడుపోక నిల్వలు పేరుకుంటే తర్వాత ఆలస్యమయ్యేవి మీలాంటివారి జీతాలే. ఒక సీజన్ తిరగబడితే చేతికి ఏమీ రాని నెలలు రెండు మూడు ఉండవచ్చు. ఆ నెలల్లో ఇంటి రుణం ఈఎంఐ ఆగదు.

అందుకే మీరు అడగని ప్రశ్నకే ముందు జవాబు చెబుతున్నాను. మీకు అత్యవసర నిధి లేదు. బ్యాంకులో ఉన్న 1.4 లక్షలే ఆ నిధి అని మీరు అనవచ్చు. మీ ఇంటి ఖర్చు, ఈఎంఐ కలిపి నెలకు 53,500. ఆ 1.4 లక్షలు మూడో నెల ముగియకముందే అయిపోతాయి. ఉద్యోగం సీజన్‌తో ముడిపడిన ఇంటికి ఆరు నెలల నిధి కావాలి. అంటే 3,21,000. ఇంట్లోని బంగారమే అత్యవసర నిధి అని మన జిల్లాలో చాలామంది ధీమాగా ఉంటారు. ఆ బంగారాన్ని కారు కోసం తాకట్టు పెడితే ఆ ధీమా కూడా బ్యాంకు లాకరులోకి వెళ్లిపోతుంది. రేపు అమ్మగారికి ఆసుపత్రి ఖర్చు వస్తే దేన్ని తాకట్టు పెడతారు? పద్మినినా?

చీటీ మాటకు వస్తే, ఇంకా ఎనిమిది నెలలు ఉండగా ఇప్పుడు పాడుకోవడమంటే పాటలో కొంత వదులుకుని, తక్కువ సొమ్ము తెచ్చుకుని, దాన్ని షెడ్డువాళ్ల చేతిలో పెట్టడం. వద్దు. చివరిదాకా ఉండండి. నెలకు 9,500 చొప్పున ఎనిమిది నెలలు పక్కన పెడితే 76,000 అవుతుంది. చీటీ లక్ష, ఇప్పుడున్న 1.4 లక్షలు కలిపితే 3,16,000. ఇంకో నెల ఓపిక పడితే ఆరు నెలల నిధి పూర్తవుతుంది. ఎక్కడా అప్పు లేదు, బంగారం బీరువాలోనే ఉంటుంది. ఆ తర్వాత చీటీ కట్టే 5,000 కూడా మిగులుతుంది కాబట్టి నెలకు 14,500 కారు పేరున వేసుకోండి. ఏడాదికి 1.74 లక్షలు. ఆరు నెలల నిధి పూర్తయ్యేవరకు కారుకు ఒక్క రూపాయి అడ్వాన్సు కూడా ఇవ్వకండి.

ఇక మీరు అడిగిన ప్రశ్న. పెట్టుబడి అన్న మాట మరిచిపోండి. పద్మిని అరుదైన కారు కాదు. ముంబయి కుర్లాలో దశాబ్దాల పాటు తయారైంది. ముంబయి నలుపు పసుపు ట్యాక్సీ అంటే ఇదే, 2023 అక్టోబరులో గానీ చివరివి సెలవు తీసుకోలేదు. 6.5 లక్షలు, దానిపై తుప్పు పని, ఆపై వడ్డీ పెట్టి చేయించిన కారును ఆ ధరకు కొనేవాళ్లను వెతుక్కుంటూ తిరగడం పెట్టుబడి కాదు. నాన్నగారి జ్ఞాపకం కోసం అంటే నాకు అభ్యంతరం లేదు. అప్పుడు దాన్ని ఖర్చు అనే పిలవండి.

రెండు దారుల్లో నేను పాత రూపం వైపే మొగ్గుతాను. అది కూడా డబ్బు కారణంతోనే. పాత రూపంలో బాగు చేయించడాన్ని విడతలుగా చేసుకోవచ్చు. మొదటి ఏడాది బ్రేకులు, టైర్లు, వైరింగు. రెండో ఏడాది ఇంజిన్. రంగు, క్రోమ్ ఎప్పుడైనా సరే. చేతిలో డబ్బు లేని నెల పని ఆపేస్తే కారుకు నష్టం లేదు. ఇంజిన్ మార్పు అలా కాదు. 1089 సీసీ, నలభై హార్స్‌పవర్ చుట్టూ ఉన్న పెట్రోలు ఇంజిన్ కోసం కట్టిన బండిలో బరువైన డీజిల్ ఇంజిన్ పెడితే మౌంటింగులు, గేరుబాక్సు, రేడియేటరు, ముందు స్ప్రింగులు, బ్రేకులు అన్నీ దానితో పాటే మారాలి. సగంలో ఆపితే అది నడవదు. మొత్తం డబ్బు ఒకేసారి కావాలి. అప్పుల వాళ్లకు ఇష్టమైన పని అంటే ఇదే.

చట్టం కూడా అటే చూస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రవాణా అధికారి అనుమతి లేకుండా ఇంజిన్ మార్చి నడపకూడదు. ఆర్‌సీలో ఒక ఇంజిన్, బండిలో ఇంకో ఇంజిన్ ఉంటే ప్రమాదం జరిగిన రోజున బీమా సంస్థ మొదట చూసేది అదే. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ (పాతకాలపు వాహనాల) నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు లేని బండినే వింటేజ్‌గా నమోదు చేస్తారు. పాత నంబరు అలాగే ఉంటుంది, నమోదు పదేళ్లు చెల్లుతుంది. మీ కారు ఆ వయసుకు చేరింది. ఎదుటివారికి జరిగే నష్టానికి చేయించే థర్డ్ పార్టీ బీమా ప్రీమియం కూడా సగమే. ఈ తరగతి కారుకు 3,416 అయితే వింటేజ్‌కు 1,708. కానీ అలా నమోదైన కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. కుటుంబంతో కాణిపాకం వెళ్లి రావాలనుకుంటే మామూలు రిజిస్ట్రేషన్‌నే ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. వాడకానికి పనికొచ్చే చిన్న మార్పులు కొన్ని ఉన్నాయి. డైనమో బదులు ఆల్టర్నేటరు, మంచి హెడ్‌లైట్లు, సీటు బెల్టులు. రేకు కోయకుండా పెట్టి, కావాలంటే మళ్లీ తీసేయగలిగినవైతే చాలు.

వీటన్నిటికంటే ముందు ఆర్‌సీని మీ పేరుకు మార్చుకోండి. నాన్నగారి పేరున ఉన్న కారుకు బీమా క్లెయిము కోసం మీరు ఎవరి హోదాలో వెళతారు? మీకు తోబుట్టువులుంటే వాళ్ల అంగీకారం కావాలి. ఆ కారులో కాణిపాకం వెళ్లింది మీరొక్కరే కాకపోవచ్చు.

బీమా గురించి రెండు మాటలు. అయిదేళ్లు దాటిన కారుకు విలువ మీరూ సంస్థా మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి. చాలా సంస్థలు ఇంత పాత బండికి థర్డ్ పార్టీతో సరిపెడతాయి. అంటే ఆరు లక్షలు పోసిన కారు వైరింగు మంటకు కాలిపోతే మీకు దక్కేది సున్నా, అప్పు మాత్రం మిగులుతుంది. మీ సొంత ఆరోగ్య బీమా, టర్మ్ పాలసీల ఊసు ఉత్తరంలో ఎక్కడా లేదు. సంస్థ ఇచ్చే గ్రూప్ బీమా ఉద్యోగంతో పాటే పోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీలకు జీఎస్టీ కూడా లేదు. అమ్మగారికి 70 నిండి ఉంటే ఆ వయసువారికి ఉచిత వైద్యం కోసం కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు తీసుకోండి. ఈ ప్రీమియాలు కట్టడానికి నిధి రెండు నెలలు ఆలస్యమైనా పర్లేదు, కారు ఆలస్యమైనా పర్లేదు.

ఉన్నది ఉన్నట్టు అమ్మేయడం కూడా ఒక దారే. మీరు ఆ పని చేయరని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది.

ఈ తొమ్మిది నెలలు కారు ఊరికే ఉండాల్సిన పని లేదు. మీరు పంపిన ఫొటోలో దాని మీద నీలం రంగు ప్లాస్టిక్ పట్టా ఉంది. ముందు అది తీసేయండి. దాని కింద చెమ్మ నిలిచి తుప్పు ఇంకా పెరుగుతుంది. కారును రేకుల నీడకు చేర్చి, గాలి ఆడే నూలు గుడ్డ కప్పండి. ట్యాంకులో మిగిలిన పెట్రోలు తీయించి, బ్యాటరీ విప్పించండి. ఒక ఆదివారం మెకానిక్‌కు కూలి ఇచ్చి, లోపలి చాప, వెనక సీటు ఎత్తించి, స్క్రూడ్రైవరుతో నేల రేకు పొడిచి చూడమనండి. ఎక్కడెక్కడ దిగబడిందో మీరే కాగితం మీద రాసుకోండి. పన్నెండో వరుసలో అంకె వేయించుకునేటప్పుడు ఆ కాగితం మీ జేబులో ఉండాలి.