ఇంప్రావ్ కామెడీ కోసం చదువు ఆపేస్తానంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మేం చికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఉంటాం. మా అమ్మాయి అర్బానా-షాంపేన్‌లో కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతోంది. కాలేజీ ఇంప్రావ్ (స్క్రిప్టు లేకుండా అప్పటికప్పుడు కల్పించి ఆడే కామెడీ) టీమ్‌లో ఉంది. చదువు ఆపేసి చికాగోలో క్లాసుల్లో చేరతానని, తర్వాత టీవీ సిరీస్‌లలో నటిస్తానని పట్టుబడుతోంది. వాళ్ల నాన్న తనతో మాట్లాడటం మానేశారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, చదువు ఆపడానికి ఒప్పుకోకండి. అలాగని ఇంప్రావ్ మానేయమనీ అనకండి. ఏదో ఒకటే ఎంచుకోవాలన్న పంతం మీ ఇంట్లో మొదలైంది కానీ, ఈ రంగంలో దానికి అవసరమే లేదు.

అమెరికాలో పేరున్న కామెడీ నటి, రచయిత్రి టీనా ఫే 1992లో వర్జీనియా యూనివర్సిటీలో డిగ్రీ పూర్తిచేశాకే చికాగో వచ్చారు. పగలు ఎవాన్‌స్టన్ వైఎంసీఏలో ఫ్రంట్ డెస్క్ ఉద్యోగం, రాత్రిళ్లు ఇంప్రావ్ క్లాసులు. చికాగోలోని కామెడీ థియేటర్ సెకండ్ సిటీ స్టేజీ నుంచి 1997లో 'శాటర్డే నైట్ లైవ్' అనే టీవీ కామెడీ షోకు వెళ్లారు, అదీ రైటర్‌గా. అందులో తెరమీద స్థిరపడింది 2000లో. మరో కామెడీ నటి ఎమీ పోలర్ కూడా 1993లో బోస్టన్ కాలేజీలో డిగ్రీ తీసుకుని చికాగోలో నేర్చుకున్నారు. 1996లో సొంత టీమ్‌తో న్యూయార్క్ వెళ్లి, 2001లో అదే షోలో చేరారు. ఇంత పేరున్నవాళ్లకే అన్నేళ్లు పట్టింది. ఒకట్రెండేళ్లలో తేలిపోవాలని మీ అమ్మాయికి గడువు పెడితే అది అన్యాయం.

తన షో ఒకసారి మీరిద్దరూ వెళ్లి చూడండి. ఎన్నిసార్లు నవ్వించిందో లెక్కపెట్టకండి, ఎదుటివాళ్ల మాట ఎలా వింటోందో చూడండి. ఇంప్రావ్‌లో స్క్రిప్టు ఉండదు. ప్రేక్షకుల్లోంచి ఎవరో ఒక మాట అందిస్తారు, అక్కడే సీన్ పుట్టాలి. ఒకరు "బస్సు ఇంకా రాలేదేంటి?" అన్నారనుకోండి, అది బస్టాపని రెండో మనిషి వెంటనే ఒప్పేసుకుని, "పొద్దున బయల్దేరిన డ్రైవర్ పెళ్లికెళ్లాడట" అని ఇంకోటి కలపాలి. "ఇక్కడ బస్సెక్కడుంది?" అంటే ఆ క్షణం నవ్వొస్తుంది, సీన్ మాత్రం చచ్చిపోతుంది. నవ్వు తనకే రావాలని తాపత్రయపడేవాళ్లతో ఆడటానికి తోటివాళ్లు ఇష్టపడరు. వేరే టీమ్‌లవాళ్లు కూడా మీ అమ్మాయిని పిలిచి ఆడిస్తున్నారా అని అడిగి తెలుసుకోండి. నేనైతే సర్టిఫికెట్ల కంటే దానికే విలువిస్తాను.

సెకండ్ సిటీ 1959 నుంచి చికాగోలోనే ఉంది. మొదటి లెవెల్ క్లాసులో ఫీజు కట్టినవాళ్లెవరైనా చేరొచ్చు. స్టేజీ మీద జీతానికి ఆడే బృందంలోకి మాత్రం ఆడిషన్‌లో నెగ్గాలి. ఈ తేడా తెలియక చాలామంది తల్లిదండ్రులు కోర్సు పూర్తయితే అవకాశం ఇస్తారనుకుంటారు. చిన్న థియేటర్లలో ఆడితే చాలాచోట్ల పైసా రాదు.

అందుకే తనకి డిగ్రీ కావాలి. సాయంత్రాలు ఖాళీగా ఉండే ఉద్యోగం చూసుకోమనండి. రాత్రిళ్లు ఆన్‌కాల్ (పిలిస్తే వెంటనే పనిలోకి దిగాల్సిన డ్యూటీ) ఉండేది వద్దు, జీతం కాస్త తక్కువైనా ఫర్వాలేదు. అమెరికాలో 26 ఏళ్లు నిండేదాకా తల్లిదండ్రుల హెల్త్ ఇన్సూరెన్స్‌లో పిల్లలు ఉండొచ్చు కాబట్టి, డిగ్రీ తర్వాత కొన్నేళ్లు ఆ టెన్షన్ ఉండదు. 2023లో నటుల సమ్మె 118 రోజులు నడిచింది. పని ఉన్నవాళ్లకే నెలల తరబడి ఆదాయం ఆగిపోయిన రంగం ఇది, చేతిలో ఇంకో పని లేకుండా పంపకండి.

అన్నిటికన్నా గట్టిగా చెప్పేది, రాయడం నేర్చుకోమనండి. పాత్ర ఎవరో ఇస్తే వస్తుంది, రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇంప్రావ్‌లో బాగా పండిన సీన్‌ని మర్నాడే స్కెచ్‌గా, అంటే చిన్న కామెడీ నాటికగా రాసి పెట్టుకుంటే రెండేళ్లలో చూపించడానికి ఒక ఫైల్ తయారవుతుంది.

ఏజెంట్ల విషయంలో జాగ్రత్త. సరైన ఏజెంట్ పని ఇప్పించాక వచ్చిన డబ్బులో కమీషన్ తీసుకుంటాడు, మామూలుగా పది శాతం. రిజిస్ట్రేషనని, తన దగ్గరే ఫొటోషూట్ చేయించుకోవాలని ముందే డబ్బు అడిగితే లేచి వచ్చేయమనండి.

ఈ వేసవి సెలవుల్లో మొదటి లెవెల్ క్లాసు ఒకటి చేయనివ్వండి. నేపర్‌విల్ నుంచి మెట్రా రైల్లో వెళ్లి రావచ్చు. షోలు ఆలస్యంగా ముగుస్తాయి, రాత్రి ఆఖరి రైలు ఎన్నింటికో ముందే చూసుకోమనండి.