లోను తీరని కారు ఇచ్చి కొత్తది తీసుకోవచ్చా? నేను తీసుకున్నాను కాబట్టి చెప్తున్నాను

మీరు అడిగింది ఇది: కారు లోను ఇంకా నాలుగేళ్లకు పైగా ఉంది, షోరూమ్‌వాళ్లు ఆ కారు తీసుకుని, పాత లోను తామే కట్టేసి, కొత్త మోడల్ ఇస్తామంటున్నారు, ఈఎంఐ కొంచెమే పెరుగుతుందట, ఒప్పుకోవచ్చా అని.

ఒప్పుకోవచ్చు. రోజూ ఎంతోమంది చేస్తున్న పనే. కాకపోతే "పాత లోను వాళ్లే కట్టేస్తారు" అన్న మాట వింటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లేమన్నా మన మేనమామలా? వాళ్లెందుకు కడతారండీ? మన కారుకి కట్టిన విలువలోంచి కడతారు. అది చాలకపోతే తక్కువ పడినదాన్ని మన కొత్త లోనులో కలిపేసి కడతారు. చెక్కు మీద సంతకం వాళ్లది, డబ్బు మనది.

మా పాత కారుకి ఏ రోగమూ లేదు, ఇది ముందే ఒప్పుకుంటున్నాను. రెండేళ్ల సర్వీసుకి తీసుకెళ్లాం. పని అయ్యేదాకా కూర్చోమని సోఫా చూపించారు. సోఫాకి ఎదురుగా, అద్దాల అవతల, అదే కారు కొత్త అవతారంలో నిలబడి ఉంది. ముందు లైట్లు సన్నబడ్డాయి, లోపల స్క్రీను పెద్దదైంది, పైన సన్‌రూఫ్ వచ్చింది. (సన్‌రూఫ్ గురించి ఒక మాట. ఎండలో తెరవలేం, వానలో తెరవలేం, దుమ్ము రోడ్డు మీద తెరవలేం. మొదటి వారం పిల్లలు అందులోంచి తలలు బయటపెడతారు, ప్రమాదం అని మనం అరుస్తాం, అక్కడితో దాని పని అయిపోతుంది.) ఆ సోఫాని అక్కడే వేయించినవాడు ఎవడో గానీ మహా గట్టివాడు.

"ఊరికే మనదానికి ఎంతొస్తుందో అడుగుదాం, అడిగితే పోయేదేముంది" అంది మా ఆవిడ. నాకూ అదే నిజమనిపించింది.

విలువ కట్టడానికి ఒకతను వచ్చాడు. చేతిలో సబ్బుపెట్టెంత మీటరు. దాన్ని తలుపులకీ బానెట్‌కీ ఆనించుకుంటూ పోతున్నాడు. అది పెయింటు మందం కొలుస్తుందట, మళ్లీ రంగు వేయించిన చోట అంకె పెరుగుతుందట. ఎడమవైపు వెనక తలుపు దగ్గర ఆగాడు. మళ్లీ ఆనించాడు. నా వైపు చూశాడు. ఆ తలుపు ఒకసారి గేటుకి రాసుకుంటే రంగు వేయించిన మాట నిజమే. దొంగతనం చేసి దొరికినవాడిలా "చిన్న గీతేనండీ" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. బానెట్ ఎత్తి బోల్టుల మీద రంగు చెదిరిందేమో చూశాడు, టైరు గాళ్లలో వేలు పెట్టి చూశాడు, కాగితం మీద ఏదో రాసుకుని వెళ్లిపోయాడు. సగం విలువ ఆ మౌనంతోనే కొట్టేస్తారని నా గట్టి నమ్మకం. మనమే సంజాయిషీలు చెప్పుకునే స్థితికి వచ్చాక ఇంక బేరం ఏముంటుంది?

తరవాత సేల్స్ కుర్రాడి టేబులు దగ్గర కూర్చోబెట్టారు. తెల్లకాగితం తీసి నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీశాడు. నాలుగు గళ్లు. కొత్త కారు ధర, పాత కారు విలువ, మనం చేతి నుంచి పెట్టేది, నెలకి కట్టేది. మొదటి మూడూ ఖాళీగా వదిలేసి నాలుగో గడి మీద పెన్ను పెట్టి అడిగాడు: "సార్, నెలకి ఎంతవరకు అయితే మీకు ఇబ్బంది ఉండదు?"

ఈ ప్రశ్నకి జవాబు చెప్పినవాడు అక్కడే ఓడిపోతాడు. నేను చెప్పాను. గర్వంగా కూడా చెప్పాను.

ఇక ఆట మొదలైంది. పాత కారుకి ఇంకొంచెం వేయమన్నాను. వేశాడు, కొత్త కారు మీద ఇస్తానన్న తగ్గింపులో అంతకంత కోసేశాడు. ధర తగ్గించమన్నాను. తగ్గించాడు, 60 నెలలు కాస్తా 84 అయ్యాయి. గాలిదిండులాగా ఒక మూల నొక్కితే ఇంకో మూల ఉబ్బుతోంది. నాలుగో గడిలో మాత్రం నేను చెప్పిన అంకె కదలకుండా కూర్చుంది. నేను దాన్నే చూసి మురిసిపోతున్నాను. "మరి పాత లోను బ్యాలెన్సు?" అని మా ఆవిడ అడిగితే "అది మేం చూసుకుంటాం మేడమ్" అన్నాడు. ఎంత చల్లటి మాటో!

సంతకాలన్నీ అయ్యాక, ఇంటికొచ్చాక లెక్క వేశాను. చెయ్యాల్సిన వరస ఇది కాదని తెలుసు. మొదట తీసుకున్న లోను 100 అనుకోండి. వడ్డీ 10 శాతం, 84 నెలలు. నెలకి 1.66 పడుతుంది. 24 నెలల్లో నేను కట్టింది దాదాపు 40. బాకీలో తగ్గింది 22 కూడా లేదు, మిగతాదంతా వడ్డీ. మిగిలున్న బాకీ మీదే కదా వడ్డీ కడతారు, మొదట్లో బాకీ కొండంత ఉంటుంది, అందుకని కిస్తీలో పెద్ద ముక్క వడ్డీకే పోతుంది. అలా ఇంకా 78 ఉంది. కారుకి వాళ్లు కట్టిన విలువ 60. పైగా ఆ 100 అంతా కారు ధర కాదు. రిజిస్ట్రేషన్, బీమా, సీటు కవర్లు, అన్నీ కలిపి ఫైనాన్స్ చేయించాం. అమ్మేటప్పుడు సీటు కవర్లకి విలువ కట్టేవాడు ఇంకా పుట్టలేదు.

అంటే 18 బొక్క. కొత్త కారుకి, చేతి నుంచి కొంత పెట్టగా, కావలసిన లోను మళ్లీ 100. దానికి ఈ 18 అంటించారు. అదే వడ్డీ, అదే 84 నెలలు. ఈఎంఐ 1.66 నుంచి 1.96 అయింది, నిజంగానే కొంచెమే పెరిగింది, కుర్రాడు అబద్ధం చెప్పలేదు. కానీ షోరూమ్‌లోకి అడుగుపెట్టేటప్పుడు నేను ఇంకా కట్టాల్సింది మొత్తం 100 లోపు. బయటికొచ్చేటప్పుడు 164 దాటింది. అందులో, నా ఇంట్లో లేని కారు తాలూకు ఆ 18 కోసమే ఏడేళ్లలో 25 కడతాను. ఇలా లోను ఎక్కువ, బండి విలువ తక్కువగా ఉన్నప్పుడు ప్రమాదంలో కారు నుజ్జయితే బీమావాళ్లు బండి విలువే ఇస్తారు, మిగిలిన బాకీ మన నెత్తినే ఉంటుంది. ఆ తేడాకి గ్యాప్ కవర్ అని వేరే ఉంటుంది. అదీ ఖర్చే.

ఇంతవరకూ నా బుద్ధితక్కువ. ఆ తరవాత జరిగింది మాత్రం నేను జన్మలో మర్చిపోను.

కారు ఇచ్చేశాను కదా, పాత లోను పోయింది కదా అని, ఆ కిస్తీ కట్ అయ్యే ఖాతాలో డబ్బంతా వేరే ఖాతాకి మార్చేశాను. అది నా అతితెలివి. షోరూమ్‌వాళ్లు పాత లోను ఆ వారమే కట్టలేదు, మూడు వారాలు తాత్సారం చేశారు. ఈలోపు కిస్తీ తేదీ వచ్చింది, ఖాతాలో డబ్బు లేదు, బౌన్స్ అయింది. దాని మీద బౌన్స్ చార్జీ, ఆలస్య రుసుము. ఇక లోను ముందే తీర్చేయడానికి బ్యాంకు ఇచ్చే ఫోర్‌క్లోజర్ అంకెకి ఒక గడువు తేదీ ఉంటుంది, అది దాటితే రోజుకింత చొప్పున వడ్డీ చేరుతుంది. వాళ్లు గడువు దాటాక పాత అంకే కట్టి చేతులు దులుపుకున్నారు. ఏనుగు వెళ్లి తోక చిక్కినట్టు, ఒక ఈఎంఐ కన్నా కాస్త ఎక్కువ మిగిలిపోయి లోను తెరిచే ఉంది. నాకు ఆ సంగతే తెలీదు.

నాలుగు నెలల తరవాత బ్యాంకు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. "సార్, మీ కారు లోను ఓవర్‌డ్యూలో ఉంది."

"ఆ కారు నా దగ్గర లేదమ్మా, ఎప్పుడో ఇచ్చేశాను."

"కారు ఎవరి దగ్గరుందో మాకు అనవసరం సార్. లోను మీ పేరు మీద ఉంది."

ఈ మొత్తం వ్యవహారంలో నాకు ఉన్నదున్నట్టు చెప్పిన మనిషి ఆ అమ్మాయి ఒక్కతే. షోరూమ్‌కి ఫోన్ చేస్తే "ప్రాసెస్‌లో ఉంది సార్" అన్నారు. ఆ ముక్క తెలుగులోకి ఎవరు తెచ్చారో గానీ, వాళ్లని కూడా ప్రాసెస్‌లోనే పెట్టాలి. చివరికి నేనే కట్టి, బాకీ లేదని లెటర్ తీసుకున్నాను. క్రెడిట్ స్కోరుకి పడిన మచ్చ మాత్రం వెంటనే పోలేదు. విచిత్రం ఏమిటంటే, ఆ వారమే అదే షోరూమ్ నుంచి ఇంకొకరు ఫోన్ చేసి "ఫీడ్‌బ్యాక్ కాల్ వస్తుంది సార్, దయచేసి 10కి 10 ఇవ్వండి" అన్నారు. తాళం ఇచ్చేటప్పుడు చేతికి అట్టముక్క తాళం ఒకటి ఇచ్చి, మనచేత పళ్లు ఇకిలింపించి ఫోటో తీస్తారు చూడండి, ఆ ఫోటో కింద నా అసలు బాకీ కూడా రాయిస్తే బాగుండేది.

సరే, మీ సంగతికి వస్తాను. ముందు బ్యాంకుని అడిగి ఈ రోజుకి లోను మూసేయడానికి ఎంత కట్టాలో, ఆ అంకె ఏ తేదీదాకా చెల్లుతుందో, ముందే తీరిస్తే చార్జీ ఏమైనా ఉందో రాతలో తీసుకోండి. యాప్‌లో కనిపించే బ్యాలెన్సు, ఈ అంకె ఒకటి కావు. తరవాత కొత్త కారు కొంటున్నట్టు చెప్పకుండా, బయట ఇద్దరు ముగ్గురి దగ్గర మీ కారుకి రేటు కట్టించండి. షోరూమ్‌లో అయితే దీన్ని తిరగేసి చెయ్యాలి: పాత కారు ఊసెత్తకుండా కొత్తదాని ధర మొత్తం ఖాయం చేసుకుని, ఆ తరవాతే "మాకో పాత కారుంది" అనండి. ఎక్స్ఛేంజ్ బోనస్ అని ఊరించేది చాలాసార్లు ఎలాగూ ఇచ్చే తగ్గింపే. ఏ కారూ ఇవ్వకుండా కొన్న నా స్నేహితుడికి అంతే తగ్గింపు ఇంకో పేరుతో ఇచ్చారు.

మీ కారు రేటు బాకీ కన్నా ఎక్కువుంటే హాయిగా మార్చుకోండి, నేనెవర్ని కాదనడానికి? తక్కువైతే ఆ తేడా చేతి నుంచి కట్టగలరేమో చూడండి, లేదంటే ఇంకో ఏడాది, ఏడాదిన్నర ఆగండి. ఆ తేడాని కొత్త లోనులోకి మాత్రం పోనివ్వకండి. పాత లోను మూసినట్టు లెటర్ చేతికి వచ్చేదాకా ఆ ఖాతాలో ఒక కిస్తీ డబ్బు ఉంచండి. పాత లోనుతో పాటు ఒకేసారి ప్రీమియం కట్టి లోను బీమా తీసుకుని ఉంటే, కొన్నింటిలో మిగిలిన కాలానికి డబ్బు తిరిగొస్తుంది, అడిగితేనే. నేను అడగలేదు.

ఇంకొకటి. కారు ఇచ్చే ముందు దాని స్క్రీనులోంచి మీ ఫోన్ నంబర్లు చెరిపేయండి, టోల్ ట్యాగ్ మూయించండి. నేను ట్యాగ్ సంగతే మర్చిపోయాను. కారు ఇచ్చిన నెలకి, ఒక ఆదివారం పొద్దున్న ఆరింటికి నా ఫోన్ టంగుమంది: టోల్ కట్ అయింది. అరగంటకి ఇంకోటి. తొమ్మిదింటికి ఇంకోటి. మా ఆవిడకి చూపించాను. దుప్పటి ముఖం మీదికి లాక్కుంటూ "మన దగ్గరున్న రెండేళ్లలో ఎప్పుడన్నా అంత దూరం తిప్పామా దాన్ని?" అంది.